చిట్టి పట్టాల మీద చరిత్ర
గ్రేట్ వెస్టర్న్ రైల్వే, దాని నమూనాలు

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చే తెలుగు ఇళ్లలో మెట్ల వరుసల మీద దేవతామూర్తులు, వాటి దిగువన పెళ్లిపల్లకి, కచేరీ బృందం కొలువుతీరితే, అన్నిటికంటె కింద నేల మీద ఒక చిన్న ఊరిని అమర్చడం పరిపాటి. ఇసుకతో బాటలు, రాగులు చల్లి మొలిపించిన పైరు, అద్దం ముక్కతో చెరువు, కొండపల్లి ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతగాడు – వీటన్నిటి నడుమ పిల్లల పట్టుదల మీద ఒక కీ రైలుబండి కూడా వచ్చి చేరుతుంది. పెద్దలకు అది పిల్లల ముచ్చట. కాని ఆ ఊరిని అమర్చినవారు తమ కంటికి కనిపించిన ఇళ్లను కొలిచి, గోడల రంగులు గమనించి, ఉన్నది ఉన్నట్లుగా చేసినట్లయితే, వందేళ్ల తరువాత అదొక చారిత్రక సాక్ష్యం అవుతుంది. ఇంగ్లండు దేశంలో ఒక వ్యక్తి అక్షరాలా ఈ పనే చేశాడు. అతడు తలపెట్టిన కొలువుకు ప్రేరణ ఒక రైల్వే. దాని పేరు గ్రేట్ వెస్టర్న్ రైల్వే.

రైలుమార్గాలను చిన్న పరిమాణంలో నిర్మించేవారు, రైలు బొమ్మలను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారి పని వట్టి కాలక్షేపమా, లేక చరిత్ర రచనలో ఒక భాగమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. గ్రేట్ వెస్టర్న్ రైల్వే కథ, దాని నమూనాల కథ కలిపి చదివితే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఏడడుగుల రైలుమార్గం

లండను నగరాన్ని బ్రిస్టల్ రేవుతో కలపడానికి ఉద్దేశించిన ఈ సంస్థకు 1835లో బ్రిటిష్ పార్లమెంటు అనుమతి లభించింది. దీనికి ఇంజనీరుగా 1833లోనే నియమితుడైన ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ వయస్సు అప్పటికి 26 సంవత్సరాలు మాత్రమే. అప్పటికే జార్జి స్టీఫెన్‌సన్ ఉత్తర ఇంగ్లండులో పట్టాల మధ్య 4 అడుగుల 8½ అంగుళాల ఎడం ఉంచి రైళ్లు నడిపించి చూపించాడు. మిగతా సంస్థలలో చాలావరకు ఆ బాటనే నడిచాయి. బ్రూనెల్ మాత్రం వేగానికీ స్థిరత్వానికీ ఎడం ఎక్కువగా ఉండాలని వాదించి, 7 అడుగుల పావు అంగుళం గేజిని ఎంచుకున్నాడు. 1841లో లండను నుంచి బ్రిస్టల్ వరకు మార్గం పూర్తి అయింది. 1843లో స్విండన్‌లో సంస్థ కర్మాగారం పని ప్రారంభించింది. నిన్నటిదాకా చిన్న సంతపట్టణంగా ఉన్న స్విండన్ రైల్వే నగరంగా ఎదిగింది.

రెండు గేజిలు కలిసే చోట పెద్ద చిక్కు వచ్చిపడింది. గ్లాస్టర్ వంటి స్టేషనులో ప్రయాణికులు దిగి మరో బండి ఎక్కవలసి వచ్చేది. సరుకులను ఒక పెట్టెలోంచి దించి ఇంకొక పెట్టెలోకి ఎక్కించవలసి వచ్చేది. ఈ తగవు తీర్చడానికి ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. వేగంలో బ్రూనెల్ గేజి మిన్న అని పరీక్షల్లో తేలినా, అప్పటికే దేశంలో ఎక్కువ మైళ్లు పరచుకొని ఉన్నది సన్నని గేజి. 1846 చట్టం దానికే పట్టం కట్టింది. గ్రేట్ వెస్టర్న్ సంస్థ వెనువెంటనే లొంగలేదు. ఉన్న మార్గాలను కొద్దికొద్దిగా మార్చుకొంటూ వచ్చి, చివరకు 1892 మే నెలలో తన తుది ఏడడుగుల మార్గాన్ని మార్చింది. 4000కు పైగా కార్మికులు ఒక శుక్రవారం రాత్రి మొదలుపెట్టి, సోమవారం ఉదయానికి 171 మైళ్ల మార్గాన్ని సన్నని గేజిలోకి తెచ్చారు. అర్ధశతాబ్దం పైగా సాగిన వైభవం రెండు రోజుల్లో ముగిసింది.

ఈ గేజిల పోరు నీడ భారతదేశం మీద కూడా పడింది. బ్రిటన్‌లో రైల్వే అనుమతులు చూసే వాణిజ్య శాఖలో ఈ తగవును దగ్గరనుండి గమనించిన డల్హౌసీ ప్రభువు తరువాత ఇక్కడ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. దేశమంతటికీ మొదటినుంచీ ఒకే గేజి ఉండాలని, అది వెడల్పుగా ఉండాలని ఆయన పట్టుపట్టాడు. ఆయన 6 అడుగులు కోరగా, ఇంజనీరు సిమ్స్ 5½ అడుగులు సూచించాడు. చివరకు 5 అడుగుల 6 అంగుళాలు ఖాయమైంది. నేటికీ ఈ దేశంలో బ్రాడ్‌గేజి అంటే అదే.

బ్రిటన్‌లోని రైల్వే సంస్థలను 1923లో నాలుగు పెద్ద సంస్థలుగా కూర్చినప్పుడు పాత పేరును నిలుపుకున్నది గ్రేట్ వెస్టర్న్ ఒక్కటే. అదే సంవత్సరం ‘కేసిల్’ తరగతి, 1927లో ‘కింగ్’ తరగతి ఇంజన్లు స్విండన్‌లో తయారయ్యాయి. ఆకుపచ్చ రంగు, మెరిసే ఇత్తడి పేరు పలక, రాగి తొడుగు చుట్టిన పొగగొట్టం వాటి గుర్తులు. సంస్థ ఆంగ్ల నామంలోని మూడు పొడి అక్షరాలకు ‘దేవుని దివ్యమైన రైల్వే’ అని అభిమానులు చమత్కారార్థం కూడా కల్పించుకున్నారు. 1948 జనవరి 1న రైల్వేలు జాతీయం కావడంతో సంస్థ చరిత్రలో కలిసింది.

తన చరిత్రను తానే విరిచిన సంస్థ

ఇంతటి అభిమానాన్ని సంపాదించిన సంస్థ తన గతాన్ని భద్రపరచుకున్న తీరు మాత్రం వింతగొలుపుతుంది. ఆ మార్గం మీద తొలినాళ్లలో నడిచిన ‘నార్త్ స్టార్’ ఇంజను, 1851 లండను మహాప్రదర్శనలో వేలమందిని ఆకర్షించిన ‘లార్డ్ ఆఫ్ ది ఐల్స్’ ఇంజను – ఈ రెండింటినీ విశ్రాంతి ఇచ్చిన తరువాత స్విండన్ కర్మాగారంలో దాచి ఉంచారు. అవి ఏడడుగుల గేజికి మిగిలిన అపురూప సాక్షులు. 1906లో, చర్చ్‌వర్డ్ ప్రధాన అధికారిగా ఉన్న కాలంలో, చోటు చాలదన్న కారణంతో వాటిని విరిచివేశారు. చర్చ్‌వర్డ్ సామాన్యుడు కాడు. బ్రిటన్ ఆవిరి ఇంజన్ల రూపకల్పనను మలుపు తిప్పిన మేధావి. అయినా ఆయన చూపు రేపటి ఇంజను మీదే ఉంది. నిన్నటి ఇంజను ఆయనకు చోటు ఆక్రమించిన ఇనుము.

పందొమ్మిది సంవత్సరాలు గడిచాయి. 1925లో ప్రపంచపు తొలి ప్రజా ఆవిరి రైలుమార్గమైన స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైల్వే శతజయంతి వచ్చింది. ఊరేగింపులో నిలబెట్టడానికి గ్రేట్ వెస్టర్న్ వద్ద తొలినాటి ఇంజను లేదు. అప్పుడు మిగిలి ఉన్న కొన్ని పాత భాగాలను సేకరించి, తక్కినవి కొత్తగా చేసి, ‘నార్త్ స్టార్’కు నిలువెత్తు నమూనాను అదే కర్మాగారంలో తయారుచేశారు. అసలును విరిచిన చోటే నకలును నిర్మించవలసి వచ్చిందన్నమాట.

1904లో గంటకు వంద మైళ్ల వేగాన్ని అందుకున్నదని పేరుపొందిన ‘సిటీ ఆఫ్ ట్రూరో’ ఇంజను సంగతి కూడా ఇటువంటిదే. 1931లో అది పని విరమించినప్పుడు సొంత ఖర్చుతో భద్రపరచడానికి సంస్థ డైరెక్టర్లు సుముఖత చూపలేదు. పోటీ సంస్థ యార్కు నగరంలో నడుపుతున్న మ్యూజియంలో దానికి ఆశ్రయం దొరికింది.

ఈ సంఘటనలలో ఒక సత్యం ఉంది. ఒక వస్తువుతో నిత్యం పనిచేసేవారికి దాని చారిత్రక విలువ కనిపించకపోవచ్చు. అది రేపు కూడా అక్కడే ఉంటుందన్న ధీమా ఉంటుంది. అందుచేత భద్రపరచే పని చాలాసార్లు బయటివారి చేతుల్లో పడుతుంది.

బొమ్మ రైలు నుంచి నమూనా రైలుకు

బొమ్మ రైళ్లకు ఒక పద్ధతిని తెచ్చినవారు జర్మనులు. 1891లో మార్‌క్లిన్ సంస్థ పట్టాల ఎడాలకు అంకెలు నిర్ణయించి, ఒకసారి కొన్న పట్టాలకు తరువాత కొన్న బండ్లు సరిపోయేటట్లు చేసింది. 1899లో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో బాసెట్–లోక్ వ్యాపారం మొదలైంది. అసలు ఇంజన్ల పోలికలు, రంగులు తప్పక చిన్న ఇంజన్లలో కనిపించాలన్నది అతని పట్టుదల. లివర్‌పూల్‌లో మెకానో కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920 నుంచి కీ ఇచ్చి నడిపే రైళ్లను మధ్యతరగతి ఇళ్లకు చేర్చాడు.

గ్రేట్ వెస్టర్న్ సంస్థ ఈ ముచ్చటను తన ప్రచారానికి చక్కగా వాడుకుంది. తన ఇంజన్ల గురించి ‘అన్ని వయసుల బాలుర కోసం’ అంటూ 1923 నుంచి చౌకధరలో పుస్తకాలు ప్రకటించింది. 1924 నుంచి చాడ్ వ్యాలీ అనే బొమ్మల సంస్థచేత ఇంజన్లు, కోటలు, సముద్రతీరాల చిత్రాలతో చెక్కముక్కలు పేర్చే ఆటలు తయారుచేయించి అమ్మింది. వాటిలో మొదటిది ‘కేర్‌ఫిలీ కేసిల్’ ఇంజను చిత్రం. అసలు ఇంజన్లను విరిచిన సంస్థే వాటి బొమ్మలను లక్షల ఇళ్లలోకి పంపిందన్నది గమనార్హం. నేడు సేకర్తలు అపురూపంగా దాచుకొంటున్న వస్తువులలో ఆ పుస్తకాలు, ఆ చెక్కముక్కల పెట్టెలు, హార్న్‌బీ ఇంజన్లు ముఖ్యమైనవి. పిల్లలు ఆడుకొని పారవేయగా మిగిలినవి కొద్ది. ఆ కొద్దింటిలో పెట్టె చెదరనిది, రంగు రాలనిది మరీ కొద్ది. సేకర్త దృష్టి వస్తువు మీద ఉంటుంది. అది ఎప్పుడు తయారయింది, ఏ మార్పులు పొందింది అన్నది అతని పరిశోధన.

నమూనా నిర్మాతది వేరొక దృష్టి. అతనికి ఇంజను ఒక్కటే చాలదు. అది నడిచే నేల కావాలి. ఈ మార్గంలో తొలి అడుగులు వేసినవారిలో జాన్ అహెర్న్ ముఖ్యుడు. 1930ల చివరి సంవత్సరాల నుంచి అతడు ‘మాడర్ వ్యాలీ’ అనే కల్పిత రైలుమార్గాన్ని నిర్మించాడు. అంతకుముందు పట్టాలే ప్రధానం, ఊరు అలంకారం. అహెర్న్ ఊరిని, రేవును, కొండను, వీధులను రైలుతో సమానంగా చూశాడు. చిన్న భవనాల నిర్మాణం గురించి, ప్రకృతి దృశ్యాల నిర్మాణం గురించి అతడు రాసిన పుస్తకాలు తరువాతివారికి పాఠ్యగ్రంథాలయ్యాయి.

ఈ చిన్న లోకంలో కూడా గేజిల తగవు తప్పలేదు. బ్రిటన్‌లో ప్రచారం పొందిన కొలత ప్రకారం అసలు వస్తువులోని ఒక అడుగు నమూనాలో 4 మిల్లీమీటర్లు. అంటే సుమారు 76వ వంతు. ఆ లెక్కన 4 అడుగుల 8½ అంగుళాల గేజి 18.83 మిల్లీమీటర్లు కావాలి. కాని దుకాణాల్లో దొరికే పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లే. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి కాబట్టి అప్పటి మోటారు పట్టడానికి ఇంజను పై భాగాన్ని కొంత పెద్దది చేసి, పట్టాలను మాత్రం అట్లాగే ఉంచారు. ఆ పట్టాల మీద నిలిచిన ‘కేసిల్’ ఇంజను అసలుకు 4 అడుగుల చిల్లర గేజి మీద నడిచినట్లు లెక్క. నిష్ఠ కలిగిన నిర్మాతలు దీనిని ఒప్పుకోక, 18 మిల్లీమీటర్ల ఎడంతో తమ పట్టాలను తామే వేసుకోసాగారు.

ఇంగ్లండ్ అనే ఇంటిపేరు గల ఆస్ట్రేలియా యువకుడు

1925లో రోయ్ ఇంగ్లండ్ అనే యువకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. ఇంటిపేరు ఇంగ్లండ్ అయినా ఆ దేశానికి అతడు కొత్తవాడే. గ్రేట్ వెస్టర్న్ రైళ్లంటే అతనికి ఎనలేని ఇష్టం. స్విండన్ సమీపంలోని వాన్‌బరో గ్రామంలో కొంతకాలం నివసించాడు. ఆ గ్రామం ‘వేల్ ఆఫ్ వైట్ హార్స్’ లోయలో ఉంది. సుద్దకొండ మీద మూడువేల సంవత్సరాల క్రితం గీసిన తెల్లగుర్రం ఆకృతి వలన లోయకు ఆ పేరు వచ్చింది. ఆ లోయ గుండానే బ్రూనెల్ తన మార్గాన్ని నడిపించాడు.

రైళ్లను చూడవచ్చిన యువకుని కంటికి రైలు పక్కనున్న పల్లెలు కనిపించాయి. ఆ ఇళ్లకు సుద్దరాయి, ఇటుక, చెక్క చట్రాల గోడలు. పైన దట్టమైన గడ్డికప్పు. ఒక ఇంటి వంటిది ఇంకొకటి లేదు. నేలలో దొరికిన రాయి, చెరువు గట్టున పెరిగిన గడ్డి, ఆ ఊరి పనివాని చెయ్యి – ఈ మూడూ కలిసి ఆ ఇళ్లకు రూపమిచ్చాయి. కాని మోటారు వాహనాలతో పాటు కొత్త సామగ్రి వచ్చింది. గడ్డికప్పుల స్థానంలో రేకులు వెలిశాయి. పాత గోడలకు సిమెంటు పూతలు పడ్డాయి. కొన్ని ఇళ్లు నేలమట్టమయ్యాయి. అక్కడే పుట్టి పెరిగినవారికి ఈ మార్పు సహజంగా తోచింది. వచ్చిన కొత్తవాడికి మాత్రం ఒక లోకం కరిగిపోతున్నట్లు తోచింది. ఆ ఇళ్లను ఆపడం అతని చేతిలో లేదు. అందుచేత వాటిని కొలిచి, ఫొటోలు తీసి, రాసుకొని, 76వ వంతున తిరిగి నిర్మించాలని సంకల్పించాడు.

1954లో లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో, ఒకప్పటి పానశాల భవనంలో పెండన్ మ్యూజియంకు అంకురార్పణ జరిగింది. అక్కడ రోయ్ ఇంగ్లండ్ యువకుల కోసం వసతిగృహం నడిపేవాడు. బస చేయడానికి వచ్చినవారిలో కొందరు పనిలో చేతులు కలిపారు. సొమ్ము తక్కువ, ఓపిక ఎక్కువ. ఆనాటినుంచీ ఆ మ్యూజియం ప్రధానంగా స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమ మీదనే నడిచింది. 1961లో జాన్ అహెర్న్ మరణించిన తరువాత అతని ‘మాడర్ వ్యాలీ’ కూడా ఇక్కడికే చేరింది.

కొలిచి కట్టిన పల్లె

పెండన్‌లో మొదట పూర్తిరూపం దాల్చింది డార్ట్‌మూర్ దృశ్యం. ఇంగ్లండు నైరుతి భాగంలోని ఆ బీడుకొండల్లో బ్రూనెల్ కొయ్య దూలాలతో ఎత్తైన లోయ వంతెనలు కట్టించాడు. డబ్బు కరవై, రాతి స్తంభాల మీద దేవదారు జాతి దూలాలను విసనకర్ర ఆకులవలె పరచి, పైన పట్టాలు వేయించాడు. ఒక దూలం పాడైతే వంతెన మూయకుండానే దానిని తీసి మరొకటి అమర్చే వీలు వాటి నిర్మాణంలో ఉంది. మంచి కలప ఖరీదు పెరగడంతో అవి ఒక్కొక్కటిగా రాతి, ఇనుప వంతెనలకు చోటిచ్చాయి. కార్న్‌వాల్‌లో చివరిది 1934లో పోయింది. పెండన్‌లో నిలిచిన వాక్‌హామ్ వంతెన నమూనాను నిర్మించినవాడు గై విలియమ్స్. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లను అసలు కొలతలతో, దుకాణపు సరుకు వాడకుండా, లోహపు రేకులతో ఒక్కొక్కటిగా చేసినవాడు కూడా అతడే.

రోయ్ ఇంగ్లండ్ కలగన్న లోయ దృశ్యం పనికి దశాబ్దాలు పట్టింది. దానిలోని పల్లెకు ‘పెండన్ పార్వా’ అని పేరు పెట్టారు. అటువంటి ఊరు ఏ పటంలోనూ లేదు. కాని అందులోని ప్రతి ఇంటికీ లోయలో ఎక్కడో ఒకచోట మూలమైన ఇల్లు ఉంది. గోడలకు వాడినది గట్టి అట్ట. దాని మీద ఇటుకల సందులు గీసి, ఒక్కొక్క ఇటుకకు విడివిడిగా నీటిరంగు వేశారు. నిజమైన గోడలో ఏ రెండు ఇటుకలూ ఒకే రంగులో ఉండవు కాబట్టి నమూనాలోనూ ఉండకూడదు. గడ్డికప్పుకు సన్నని నారపోగులు వాడి, ఆ ప్రాంతపు పనివాడు కప్పు కుట్టే పద్ధతిలోనే అంచులు కత్తిరించారు. పెరటిలోని కాబేజీ ఆకులు కూడా విడివిడిగా చేసినవే. ఒక్క ఇంటికి వందల గంటలు పట్టడం అక్కడ మామూలు. అయిదున్నర అడుగుల మనిషి అక్కడ 22 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాడు.

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న రావడం సహజం. ఇంటి కొలతలు తీసుకొన్న మరుసటి సంవత్సరమే అది కూలిపోవచ్చు. అప్పుడు ఆ అట్ట ఇల్లే మిగిలిన సాక్ష్యం. ఫొటో ఒక వైపునే చూపుతుంది, అందులోనూ ఆనాటి ఫొటోకు రంగు లేదు. కొలతల పటం నిపుణునికి గాని అర్థం కాదు. నమూనా నాలుగు వైపులా చూపుతుంది. అన్నిటినీ మించి, ఇంటికీ పొలానికీ, పొలానికీ బాటకూ, బాటకూ రైలుకూ ఉన్న సంబంధాన్ని చూపుతుంది. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజను తన గొప్పతనాన్ని చెప్పుకుంటుంది గాని, అది పాలడబ్బాలను ఏ పల్లెనుంచి ఏ పట్నానికి మోసుకుపోయేదో చెప్పలేదు. ఆ లోయలోని చిన్న స్టేషన్లు 1964లో మూతపడ్డాయి. పెద్ద రైళ్లు ఆగకుండా దూసుకుపోతూనే ఉన్నాయి. ఆగే రైలు, ఎదురుచూసే ప్రయాణికుడు, గుర్రపుబండి మీద వచ్చిన సరుకు పెండన్‌లోనే మిగిలాయి.

1995లో రోయ్ ఇంగ్లండ్ మరణించాడు. లోయ దృశ్యం అప్పటికి అసంపూర్ణమే. అయినా ఆయన నేర్పిన పద్ధతిలో తరువాతివారు దానిని కొనసాగించారు.

నమూనా ఎంతవరకు నిజం?

నమూనాను చరిత్రగా అంగీకరించేవారు దాని పరిమితులను కూడా తెలుసుకోవాలి. మొదటిది దూరం. నాలుగు మిల్లీమీటర్ల లెక్కన ఒక మైలు దాదాపు 21 మీటర్లు అవుతుంది. లండను నుంచి బ్రిస్టల్ వరకు 118 మైళ్ల మార్గాన్ని ఉన్నదున్నట్లు నిర్మించాలంటే సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవైన చావడి కావాలి. కాబట్టి ఏ నిర్మాత అయినా కొంత తీసుకొని ఎక్కువ వదిలివేయక తప్పదు. చరిత్ర గ్రంథం రాసేవాడూ చేసేది ఇదే. ఏది వదిలిపెట్టాడో చెప్పగలిగినవాడే నిజాయితీ గలవాడు. పెండన్ పార్వా కల్పిత గ్రామమని, ఇళ్లు మాత్రం నిజమైనవని దాని నిర్మాతలు దాచకుండా చెప్పారు.

రెండవ పరిమితి ఇంకా లోతైనది. నమూనాలో ఎప్పుడూ ఎండకాసిన మధ్యాహ్నమే. పూలతీగలు పాకిన ఆ గోడల వెనుక చలి, చెమ్మ, బావి నుంచి మోసుకొచ్చిన నీరు, వ్యవసాయ కూలి కుటుంబపు చాలీచాలని జీతం కూడా ఉండేవి. వానకు కారే గడ్డికప్పు తీసి రేకులు వేసుకున్న రైతును తప్పుపట్టడానికి వీలులేదు. చూడవచ్చినవానికి అందం కనిపించిన చోట, ఉండేవానికి ఇబ్బంది కనిపించింది. ఇద్దరి మాటా నిజమే. నమూనా మొదటివాని మాటను అద్భుతంగా భద్రపరిచింది. రెండవవాని మాటను పుస్తకాలలో, వృద్ధుల జ్ఞాపకాలలో వెదకాలి. పిల్లలకు నమూనాను చూపించేటప్పుడు ఈ రెండూ కలిపి చెప్పినప్పుడే అది పాఠమవుతుంది.

ఇక్కడి చిన్నబండి

ఈ కథ నుంచి తెలుగువారు, అందులోనూ ఒడిశా సరిహద్దున తరతరాలుగా స్థిరపడినవారు నేర్చుకోవలసింది ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల గేజి రైలు వచ్చింది. పర్లాకిమిడి సంస్థానాధీశుల చొరవతో, వారి సొమ్ముతో ఏర్పడిన మార్గమది. 1931 నాటికి అది గుణుపురం వరకు సాగింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మార్గానికి అడ్డంగా సరిహద్దు గీత పడింది. చిన్నబండి మాత్రం ఆ గీతను ప్రతిదినం దాటుతూ, తెలుగు సంతకూ ఒడియా సంతకూ, పుట్టింటికీ అత్తవారింటికీ నడుమ మనుషులను మోసింది. 2004లో గేజి మార్పిడి కోసం ఆ బండిని ఆపివేశారు. తరువాత బ్రాడ్‌గేజి రైళ్లు వచ్చాయి. ప్రయాణం సులభమైంది, దూరపు నగరాలు దగ్గరయ్యాయి. ఆ మార్పు కావలసిందే. కాని పాత స్టేషను గదుల కొలతలు, నీటితొట్టి ఎత్తు, పెట్టెలలోని చెక్కబల్లల వరుస, బండి వేళకు స్టేషను బయట చేరే అంగళ్లు – వీటిని ఎవరైనా ఒకచోట కూర్చి రాసిపెడితేనే మిగులుతాయి.

నాలుగు మిల్లీమీటర్ల లెక్కన రెండున్నర అడుగుల గేజి సరిగ్గా 10 మిల్లీమీటర్లు. ఒక స్టేషను, దాని ముందరి చెట్టు, ఎదుటి టీ అంగడి, ఆగి ఉన్న రెండు పెట్టెలు నిర్మించడానికి బడిలోని ఒక బల్ల చాలు. అట్ట, జిగురు, నీటిరంగులు చేతిపనుల తరగతిలో ఉన్నవే. అంకెల నిష్పత్తి లెక్కల మాస్టారు చెబుతారు. సరిహద్దు కథ సాంఘిక శాస్త్రంలో ఉంది. లేనిది ఒక్కటే. ఆ బండి ఎక్కినవారి జ్ఞాపకం. అది తాతయ్యల, అమ్మమ్మల వద్ద ఉంది. 2004లో చివరిసారిగా ఆ చిన్నబండి ఎక్కిన పసివారు నేడు తల్లిదండ్రులయ్యారు. దానిలో కూలికి, చదువుకు, పెళ్లికి వెళ్లిన పెద్దవారి సంఖ్య ఏటేటా తగ్గుతోంది.

రోయ్ ఇంగ్లండ్ వద్ద మొదట ఉన్నవి ఒక కొలతల టేపు, ఒక నోటుపుస్తకం, ఒక కెమెరా. ఏ ఇంటి తలుపు ముందైనా నిలబడి, లోపలివారిని అడిగి, కొలిచి రాసుకొనేవాడు. విద్యార్థులు ఈ పనిని వచ్చే వేసవి సెలవులకు వాయిదా వేయకుండా మొదలుపెట్టవచ్చు. మొదటి పేజీలో ఇంట్లోని పెద్దవారి పేరు, వారు ఆ బండి ఎక్కిన స్టేషను, టికెట్టుకు ఇచ్చిన డబ్బులు, కూర్చున్న బల్ల ఏ వైపుండేదో రాసుకుంటే చాలు.